మొదటి లైను నాన్నది

"ఆ లైను మళ్ళీ పెడతావా, పెట్టవా?"

పొద్దున్నుంచి అన్నయ్య ఈ మాట ఎన్నిసార్లు అడిగాడో నేను లెక్క పెట్టలేదు. భోజనాల బల్ల మీద కంచాలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. నాన్న గది తలుపు నిన్న సాయంత్రం మూసుకున్నది మూసుకున్నట్టే ఉంది. అమ్మ ఒక కంచం పట్టుకుని ఆ తలుపు ముందు నిలబడి, "ఏమండీ, ఒక్క ముద్ద తినండి, తరవాత మీ ఇష్టం వచ్చినంత సేపు అలగండి" అని బతిమాలుతోంది.

"పెట్టను" అన్నాను.

"ఎందుకు పెట్టవు?"

"నిన్నంతా చెప్పాను. మళ్ళీ చెప్పమంటే మళ్ళీ చెబుతాను. నా నోరేం అరిగిపోదు."

వదిన నవ్వు ఆపుకోలేక నీళ్ళ గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఇంట్లో నన్ను చిన్నప్పటి నుంచీ పెంకి అనే పిలుస్తారు. ఊరికే పిలవరు మరి.

"నిన్ను కాదు, నీకు ఈ పని నేర్పిన నాన్నని అనాలి. ఆయన నేర్పిన విద్యతో ఆయనకే ఎసరు పెట్టావు" అన్నాడు అన్నయ్య.

బయటివాళ్ళెవరైనా వింటే ఇదేదో ఆస్తి తగాదా అనుకుంటారు. కాదు. కంప్యూటర్లో ఒక ఫైలు, ఆ ఫైల్లో మొదటి లైను. ఇల్లు అట్టుడికిపోతున్నది దాని గురించే.

ఇంటి కింద మా వర్క్‌షాపు. ఆస్పత్రి సామానుకి కావలసిన ఎలక్ట్రానిక్ బోర్డులు చేస్తాం. బోర్డు చెయ్యబోయే ముందు ఆ సర్క్యూట్ మొత్తాన్ని కంప్యూటర్లో అక్షరాలుగా రాస్తాం. అది ఇన్‌పుట్ ఫైలు; దాన్ని చదివి, బోర్డు పాసవుతుందో లేదో ఒక ప్రోగ్రాము ముందే చెబుతుంది. ఏ ట్రాన్సిస్టర్ ఎక్కడుంది, దేనికి ఏది కలిసింది అన్నదంతా అందులో ఉంటుంది. కానీ ఆ ట్రాన్సిస్టర్ ఎలాంటిది, ఎంత వేడికి ఎలా ప్రవర్తిస్తుంది అన్న గుణగణాలు వేరే ఫైల్లో ఉంటాయి. అది లైబ్రరీ. దాన్ని పిలుస్తూ ఇన్‌పుట్ ఫైలు పైన ఒక లైను రాయాలి. పొయ్యి మీద ఉడికేది ఇన్‌పుట్ ఫైలనుకుంటే, అలమారులో వరసగా ఉన్న డబ్బాలు లైబ్రరీ అన్నమాట. డబ్బా మీద రాసింది ఒకటి, లోపల ఉన్నది మరొకటి అయితే వంట ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

మా ఇంటి లైబ్రరీ నాన్నది. కంపెనీలు పంపే అంకెలు నమ్మకుండా, ఒక్కో ట్రాన్సిస్టర్నీ తన చేత్తో వేడి చేసి, చల్లార్చి, కొలిచి, ఆ కొలతలతో ఆయన కట్టుకున్న ఫైలది. దాని పేరు 'నాన్న డాట్ లిబ్'. చిన్నప్పుడు ఆ పేరు పెట్టింది నేనే. ఈ ఇంట్లో ఎవరు ఏ సర్క్యూట్ రాసినా మొదటి లైను 'డాట్ ఇంక్లూడ్ నాన్న డాట్ లిబ్'. ఏ పనికైనా శ్రీకారం అదే. అది ఎక్కడా రాసిపెట్టిన రూలు కాదు, అయినా ఎవరూ తప్పలేదు.

నిన్న నేను తప్పాను. ఆ లైను తీసేశాను.

"లైను ఉంటే బోర్డు పాసవుతోంది, లేకపోతే ఫెయిలవుతోంది" అన్నాడు అన్నయ్య, వేళ్ళతో బల్ల మీద కొడుతూ. "సర్క్యూట్ అదే. తీగలు అవే. బుద్ధున్నవాడెవడైనా పాసయ్యేది ఉంచుకుంటాడా, ఫెయిలయ్యేది ఉంచుకుంటాడా?"

"పరీక్షలో పక్కవాడి పేపర్ ఇచ్చి పాసయ్యానంటే ఒప్పుకుంటావా?"

"మళ్ళీ మొదలుపెట్టావా!"

"మొదలుపెట్టింది నువ్వు. విను. ఆ ట్రాన్సిస్టర్ తయారుచేసే కంపెనీ దాని లోపలంతా మార్చేసింది. నంబరు మాత్రం పాతదే ఉంచింది. నాన్న కొలిచింది పాతదాన్ని. మనం కొని అతుకుతున్నది కొత్తదాన్ని. నాన్న లైను కింద నేను కంపెనీ పంపిన కొత్త లైబ్రరీ కూడా ఇంక్లూడ్ చేసి చూశాను. ఏం లాభం? ఒకే పేరుతో రెండు కనబడితే మన ప్రోగ్రాము ముందు కనబడ్డదాన్ని పట్టుకుని రెండోదాని మొహం కూడా చూడదు. చూడలేదని చెప్పదు కూడా!"

"ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు కదమ్మాయ్" అంది వదిన.

"ఆ సామెత దానికి ఎవరూ చెప్పలేదు వదినా. దానికి ముందొచ్చిన చెవులే గొప్ప."

ఈసారి వదిన గ్లాసు అడ్డం పెట్టుకోకుండానే నవ్వింది. అన్నయ్య చూసిన చూపుకి ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

"నవ్వు, నవ్వు. బోర్డులన్నీ మళ్ళీ విప్పాల్సి వచ్చినప్పుడు చూద్దాం ఎవరు నవ్వుతారో" అన్నాడు.

ఆ దెబ్బ సూటిగా తగిలింది. బోర్డులు అతికేది వదినే. వర్క్‌షాపులో ఆ పని ఆమె చేసినంత శుభ్రంగా ఎవరూ చెయ్యలేరు. ఈ బోర్డుల ముందు కూర్చుని కూర్చుని ఆమె మెడ పట్టేసింది, చూపుడువేలు కాలి బొబ్బ కట్టింది. అవన్నీ పెట్టెల్లో సర్ది, గదికి తాళం వేసి, ఈ వారం కాస్త నడుం వాల్చుదామనుకుంటోంది.

"నిజంగా అన్నీ విప్పాలా?" అని అడిగింది నన్ను. గొంతులో ఇందాకటి సరదా లేదు.

"ఒక చిన్న ముక్క కలిపితే సరిపోతుంది వదినా. కానీ ప్రతి బోర్డుకీ కలపాలి."

"బాగుంది" అని, ఆమె కుర్చీ వెనక్కి తోసి లేచింది. "తండ్రీ కొడుకూ కూతురూ కలిసి నా ప్రాణానికి తగిలారు."

ఇంతలో అమ్మ కంచం తీసుకొచ్చి నా చేతిలో పెట్టింది.

"తలుపు మూయించింది నువ్వు. తీయించేది కూడా నువ్వే. వెళ్ళు."

"అమ్మా, నేను తప్పు చేశానంటావా?"

"నాకు మీ లైన్లూ తెలియవు, మీ లిబ్బులూ తెలియవు. మనిషి నిన్నటి నుంచి తినలేదు, అది మాత్రం తెలుసు."

*

తలుపు తోస్తే తెరుచుకుంది. లోపల గడియ వేసి లేదు. అంటే నిన్నటి నుంచీ ఎవరైనా తోసుకుని రావాలనే ఎదురుచూస్తున్నారన్నమాట, మహానుభావుడు.

నాన్న కిటికీ పక్క కుర్చీలో కూర్చుని కళ్ళజోడు తుడుచుకుంటున్నారు. నా వైపు చూడలేదు.

"కంచం అక్కడ పెట్టి వెళ్ళు."

"మీరు తిన్నాక వెళతాను."

"నేను తినను."

"అయితే నేను వెళ్ళను."

పెంకితనం నాకు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో మా బంధువులంతా నా ఎదుటే చెబుతుంటారు. గోడకి ఆనుకుని నిలబడ్డాను. కింద ఎవరో స్టూలు జరిపిన చప్పుడు వినిపించింది.

"నా కొలత తప్పంటావు" అన్నారు చివరికి.

"అనలేదు. మీరు కొలిచింది అక్షరాలా నిజం. కాకపోతే మీరు కొలిచిన వస్తువు ఇప్పుడు రావడం లేదు."

"నంబరు అదే కదా."

"నంబరు అదే. మనిషి మారాడు."

"ఎవరు చెప్పారు?"

"కంపెనీ కొత్త లైబ్రరీ పంపింది నాన్నా. అది ఇంక్లూడ్ చేస్తే..."

"దాన్ని నువ్వు కొలిచావా?"

నేను కంచాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

"అడిగినదానికి చెప్పు. ఆ కొత్త ట్రాన్సిస్టర్‌ని నువ్వు నీ చేత్తో వేడి చేసి కొలిచావా?"

"లేదు."

"అంటే ఎవడో ఎక్కడో కూర్చుని రాసి పంపింది నమ్మి, నీ తండ్రి కొలిచింది తీసి అవతల పారేశావు."

మొహాన చన్నీళ్ళు కొట్టినట్టయింది. ఒళ్ళు మండిపోయింది కూడా. ఎందుకు మండిందంటే, ఆయన అన్నది నిజం. కంపెనీవాడి అంకె అబద్ధమాడచ్చు, నీ మీటరు ఆడదు అని నాకు నేర్పింది ఆయనే. లైబ్రరీ మారిస్తే చాలు, మిగతాదంతా ప్రోగ్రాము చూసుకుంటుందని నేను కుర్చీలో కూర్చునే తీర్పు చెప్పేశాను.

కానీ ఆయన మాత్రం చేసిందేమిటి? తను కట్టిన ఫైలుని తనే మళ్ళీ తెరిచి చూడకుండా తలుపేసుకుని కూర్చున్నారు. ఆ కోపం కూడా నాకుంది, దాచుకోవడం దేనికి?

"సరే. ఇప్పుడే కొలుస్తాను" అన్నాను. "కొలిచాక కూడా ఫెయిలనే తేలితే?"

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు.

"తేలితే ఏం చేస్తారో చెప్పండి నాన్నా."

"ముందు కొలువు."

కంచం అక్కడే పెట్టి కిందికి దిగాను.

*

తాళంచెవి వదిన దగ్గరుంది. అడిగితే ఎగాదిగా చూసింది.

"ఒక్క బోర్డు ఇస్తాను, ఒక్కటే. అది బాగానే ఉందని తేలిందో, ఆ పెట్టెలన్నీ నీ చేతే మోయిస్తాను."

"బాగాలేదని తేలితే?"

"నా ఖర్మ అనుకుంటాను. ఇంకేముంది?"

మేం చేస్తున్నది పరుపుకి బోర్డు. ఆపరేషన్ అయ్యాక మనిషి ఒళ్ళు చల్లబడిపోకుండా కింద పరిచే వెచ్చటి పరుపు. లోపల సన్నటి తీగలుంటాయి, వాటిలో కరెంటు పారితే వెచ్చబడతాయి. తగినంత వెచ్చబడ్డాక కరెంటుని ఆపేది మా బోర్డు మీది ట్రాన్సిస్టర్. బల్ల మీద చల్లగా ఉన్నప్పుడు అది పిలిస్తే పలుకుతుంది, ఆగమంటే ఆగుతుంది. బోర్డుని మూత వేసిన పెట్టెలో పెట్టి, ఆ పెట్టె పరుపు పక్కనే వేడెక్కుతుంటే ఎలా ఉంటుందో ఎవరూ చూడలేదు. నాన్న లైబ్రరీ చూసిపెట్టిందని అందరి నమ్మకం. నిన్నటి దాకా నాదీ అదే నమ్మకం.

నమూనా పరుపుని పొడుగాటి బల్ల మీద పరిచాం. బోర్డుని పెట్టెలో బిగించి మూత వేశాను. పెట్టెని వేడెక్కించడానికి వదిన తన హెయిర్ డ్రయర్ తెచ్చింది.

"డ్రయర్ నాది, బోర్డు నాది, కాలేది కూడా నా కడుపే. బాగుంది సంబడం" అంటూనే డ్రయర్ పట్టుకుంది.

పెట్టె లోపలి వేడి, ఆస్పత్రిలో ఎంత ఉంటుందో అంతకి వచ్చింది. అప్పుడు ఆపమని సంకేతం ఇచ్చాను. మీటరు ముల్లు కిందికి జారింది. సున్నా దాకా పోలేదు. మధ్యలో ఎక్కడో కూర్చుండిపోయింది, తొక్కిపెట్టినా దిగనన్నట్టు.

వదిన పరుపు మీద అరచెయ్యి పెట్టింది. తియ్యలేదు. ఆమె మొహంలో రంగు మారడం నేను చూస్తూనే ఉన్నాను.

"నిజంగానే ఆపమన్నావా?"

"ఆపమనే చెప్పాను వదినా."

"మరి ఇది వినలేదేం?" చెయ్యి తీసి మరో చేత్తో రుద్దుకుంది. "ఇంకా ఎక్కుతోంది అమ్మాయ్. కాస్త కాస్తగా ఎక్కుతోంది. పడుకున్నవాళ్ళు మత్తులో ఉంటారు కదా, వాళ్ళకి తెలుస్తుందా?"

"తెలియదు. ఒళ్ళు కాలుతున్నా తెలియదు."

వదిన స్టూలు మీద కూలబడింది. చాలాసేపు తన వేళ్ళ వంక చూసుకుంటూ కూర్చుంది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు ఆమెని కావలించుకోవాలనిపించింది గాని, మా ఇద్దరికీ అలాంటి అలవాటు లేదు.

"మీ అన్నయ్యకి నువ్వే చెప్పు" అంది. "నేను చెబితే ఈ రోజు నా కాపరం గంగలో కలుస్తుంది."

చెప్పాను. అన్నయ్య గుమ్మంలో నిలబడే విన్నాడు.

"హెయిర్ డ్రయర్ పెట్టి కాలిస్తే ఏ వస్తువైనా ఏడుస్తుంది. ఆస్పత్రిలో ఎవరు డ్రయర్ పెడతారు?"

"డ్రయర్ అక్కర్లేదు. మూత వేస్తే అదే అంత వేడెక్కుతుంది."

"మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి తనిఖీకి ఆవిడ వస్తోంది. ఆవిడ కళ్ళ ముందు ప్రోగ్రాము నడిపి పాసయిందని చూపించాలి. ఇలాంటి ఆర్డరు మనకి ముందెప్పుడైనా వచ్చిందా? నాన్న పేరు చెబితే వచ్చింది. ఆయన లైబ్రరీ తప్పని ఆయన పేరు మీద వచ్చినవాళ్ళకే చెబుతావా?"

"చెబుతాను."

"చెప్పు, చెప్పి చూడు!" అన్నయ్య గుమ్మం మీద అరచేత్తో కొట్టాడు. అది కోపం మాత్రమే కాదని నాకు తెలుసు. వాడు ఈ ఆర్డరు కోసం ఎన్ని గుమ్మాలు తిరిగాడో చూసినదాన్నే. "ఆవిడ ముందు నువ్వు నోరు విప్పావంటే రేపట్నుంచి ఈ బల్ల నీది కాదు. ఈ గదిలోకి నువ్వు రానక్కర్లేదు."

వేరేచోట్ల పిలిచి ఉద్యోగమిస్తామన్నా వెళ్ళకుండా నేను అంటిపెట్టుకున్న బల్ల అది. పెళ్ళి మాట వచ్చినప్పుడు కూడా "ఇక్కడికి రోజూ రానిచ్చేవాడైతే చూద్దాం" అన్నదాన్ని. అది పోతే నాకేం మిగులుతుందో నాకు తెలియదు.

"నీ బల్ల నువ్వే పెట్టుకో" అన్నాను.

పైకి వెళ్ళాను. నాన్న గది తలుపు మళ్ళీ వేసి ఉంది. గుమ్మం పక్కన ఖాళీ కంచం ఉంది.

"కొలిచాను నాన్నా" అన్నాను తలుపుతో. "కంపెనీవాళ్ళు రాసినదానికన్నా ఘోరంగా ఉంది. వదిన చెయ్యి పెట్టి చూసింది. ఆగడం లేదు."

కుర్చీ కిర్రుమంది. అంతే.

*

తనిఖీకి వచ్చినావిడ పొట్టిగా, చకచకా నడిచే మనిషి. కాఫీ అంటే వద్దంది, కుర్చీ అంటే వద్దంది. "ముందు ఫైలు చూపించండి" అంది.

నేను కిందికి వచ్చేసరికే అన్నయ్య నా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తెర మీద ఇన్‌పుట్ ఫైలు తెరిచి ఉంది. అన్నిటికన్నా పైన, నేను తీసేసిన చోటే, నాన్న లైను మళ్ళీ కూర్చుంది. అన్నయ్య నా వైపు చూడకుండా ప్రోగ్రాము నడిపాడు. గీతలు చక్కగా, బుద్ధిమంతుల్లాగా, ఎంత వేడిలోనైనా సున్నాకి దిగి ఆగాయి.

"బాగుంది" అంది ఆవిడ. "పైన ఈ లైను ఏమిటి?"

"మా నాన్నగారి లైబ్రరీ అండీ. ప్రతి భాగాన్నీ ఆయన స్వయంగా కొలిచారు."

"విన్నాను. వారిని ఒకసారి చూడాలనే వచ్చాను."

అప్పుడే మెట్ల మీద చెప్పుల చప్పుడయింది. నాన్న దిగి వచ్చారు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నిన్నటి అలకే లేనట్టు. ఆవిడ నమస్కారం చేసింది. ఆయన వెలిగిపోయారు. ఆ వెలుగు చూసి నాకు జాలేసింది, అంతకన్నా ఎక్కువగా భయమేసింది. ఇప్పుడు నేను నోరు మూసుకుంటే అందరూ సంతోషంగా ఉంటారు. పరుపు మీద పడుకోబోయే ఆ ఎవరో ఒకరు తప్ప.

"అన్నయ్యా, కాస్త లే" అన్నాను.

"ఇప్పుడు కాదు."

"లే అన్నయ్యా."

వాడు లేవలేదు. వాడి భుజం మీదుగా వంగి కీబోర్డు లాక్కున్నాను. ఆవిడ చూస్తుండగానే మొదటి లైను చెరిపేశాను. కింద కొత్త లైబ్రరీ లైను ఒక్కటే మిగిలింది. ప్రోగ్రాము నడిపాను. వేడి పెరిగేకొద్దీ గీత సున్నాకి రానని మొండికేసింది.

"ఈమె మా చెల్లెలండీ. ఇంట్లో చిన్న మాటపట్టింపు..." అని అన్నయ్య ఏదో సర్దబోయాడు.

"ఉండండి." ఆవిడ చెయ్యెత్తింది. "సర్క్యూట్ ఒకటే. లైబ్రరీ మారిస్తే జవాబు మారుతోంది. నేను దేన్ని నమ్మాలి?"

ఆవిడ నాన్న వైపు తిరిగింది. "మీరు చెప్పండి సర్. ఈ లైబ్రరీ మీది."

నాన్న నా వైపు చూశారు. నేను కొలిచింది ఆయనకి తెలుసు. తలుపు వెనక నుంచి ప్రతి అక్షరం విన్నారు.

"లైబ్రరీ నాది. నా కొలతలు తప్పవు."

అన్నయ్య గట్టిగా ఊపిరి వదిలాడు. నాకు ఏడుపొచ్చింది, ఏడుపు కన్నా ముందు మాటొచ్చింది.

"అయితే ఆ పరుపు మీద ఎవరిని పడుకోబెడదాం నాన్నా? ఎవరి వాళ్ళనో ఎందుకు, మనవాళ్ళలోనే చెప్పండి. అన్నయ్య పడుకుంటాడా?"

"నోరు ముయ్యి పెంకీ" అన్నాడు అన్నయ్య.

"ముయ్యను! పాసయిందన్నావుగా, పడుకో మరి!"

తలుపు దగ్గర చప్పుడయింది. అమ్మ. వచ్చినావిడకి మంచినీళ్ళు తెచ్చినట్టుంది. ఎంతసేపటి నుంచి అక్కడుందో తెలియదు. పళ్ళెం పక్కనున్న స్టూలు మీద పెట్టింది. చెప్పులు విడిచింది. పొడుగాటి బల్ల దగ్గరికి నడిచి, ఒక చెయ్యి ఆనించి, మోకాళ్ళ నొప్పితో మెల్లగా ఎక్కి, పరుపు మీద వెల్లకిలా పడుకుంది.

"అత్తయ్యా!" అంది వదిన.

"నీకేం భయం లేదమ్మా. ఆయన కొలత తప్పదంటున్నారుగా" అంది అమ్మ. "స్విచ్ వెయ్యరా అబ్బాయ్. ఆ పెట్టె వేడెక్కాలట కదా, డ్రయర్ కూడా పట్టండి. అంతా పద్ధతి ప్రకారం జరగాలి."

"అమ్మా, తనిఖీ ఇలా చెయ్యరండీ" అంది వచ్చినావిడ కంగారుగా.

"మీ పద్ధతి మీది తల్లీ. ఈ ఇంట్లో ఈయన మాటే పద్ధతి. ఇన్నేళ్ళూ ఆ మాట మీదే బతికాను. ఈ ఒక్క పూట పడుకోలేనా?"

అన్నయ్య స్విచ్ మీద చెయ్యి పెట్టాడు. వెయ్యలేదు. అమ్మ ఎందుకు ఎక్కిందో నాకు అంతుపట్టలేదు. నాన్న మీద నమ్మకంతోనా, నా మీద కోపంతోనా? ఆమె నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. తల పక్కకి తిప్పి నాన్న వైపే చూస్తోంది.

"వేస్తున్నావా, నన్ను వచ్చి వేసుకోమంటావా?" అంది అన్నయ్యతో.

అన్నయ్య నాన్న మొహంలోకి చూశాడు, ఏదో ఒకటి చెప్పమన్నట్టు.

"వద్దు" అన్నారు నాన్న.

ఆ మాట చిన్నగానే అన్నారు. అయినా గదిలో అందరికీ వినబడింది. వచ్చినావిడ ఆయన వైపు తిరిగింది. అన్నయ్య చెయ్యి స్విచ్ మీద నుంచి జారిపోయింది.

"ఎందుకు వద్దు?" అంది అమ్మ.

"లే. బట్టలు నలుగుతాయి."

"నలగనివ్వండి. ఎందుకు వద్దు?"

"నలుగురిలో ఏమిటే ఇది? లే ముందు."

"నలుగురూ ఉన్నారనే అడుగుతున్నాను." అమ్మ రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, పై కప్పు వంక చూస్తూ, తీరిగ్గా కళ్ళు మూసుకుంది. "ఎందుకు వద్దో వాళ్ళకి చెప్పండి. మీ నోటితో చెబితేనే లేస్తాను."